నీడకి నీడ పడిన రికార్డు

ఈ సంగతి నాకు మొట్టమొదట చెప్పింది టీకొట్టు వదిన. ఆవిడ అబద్ధం ఆడదు గానీ, సగం చెప్పి పాలు పొంగుతున్నాయని లోపలికి పోతుంది. మిగతా సగం మర్నాడు కటింగ్ షాపు బావ దగ్గర గడ్డం గీయించుకుంటూ రాబట్టాను. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు వినేవాడు ఎదురు చెప్పలేడు కాబట్టి అతను కాస్త ఎక్కువే చెప్తాడు. ఆ ఎక్కువ తీసేసి, చెవులక్కని అడిగి సరిచూసుకుని, ఇక్కడ పెడుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే అక్షరాల్లో ఉంటాయి, సంగతిలో ఉండవు.

రికార్డుల ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఆ టీకొట్టు. రేకుల కప్పు, రెండు బెంచీలు, ఒక బెంచీకి ఒక కాలు పొట్టి. గల్లాపెట్టె వెనక రేకుకి కంత పడితే, ఆ కంతకి అడ్డంగా ఒక పాత రికార్డు అట్ట పెట్టి నాలుగు మేకులు కొట్టారు. పొగ పట్టి పట్టి దాని మీద బొమ్మేమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఆ మేకులు కొట్టింది వదిన మావగారు. ఫ్యాక్టరీలో పని పోయాక ఆ కొట్టు పెట్టిందే ఆయన. పోయి ఆరేళ్లయింది. అయినా దాన్ని జనం 'చెవిటాయన కొట్టు' అనే అంటారు.

ఆ రోజు సాయంత్రం నాలుగయింది. పొట్టి కాలు బెంచీ మీద చెవులక్క కూచుంది. ఒళ్లో తెల్ల కవరులో ఒక శాంపిల్ రికార్డు, చేతిలో ఒక చీటీ. ఫ్యాక్టరీలో ఆవిడ పనే వినడం. వేల రికార్డులు అచ్చు వేసే ముందు నాలుగు శాంపిళ్లు తీస్తారు. తలుపు మూసిన గదిలో ఒక్కతే కూచుని, అటు వైపూ ఇటు వైపూ పూర్తిగా విని, ఎక్కడ చిటపట ఉందో, ఎక్కడ గరగర ఉందో చీటీ మీద గీతలు పెట్టాలి. కింద ఆవిడ సంతకం పడితేనే మిషన్లు తిరుగుతాయి. పంతొమ్మిదేళ్లలో ఆ సంతకం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈసారి శాంపిల్ మామూలుది కాదు. యాభై ఏళ్ల కిందట ఇదే ఫ్యాక్టరీలో అచ్చయిన పాటలు. జనం నోళ్లలో నలిగిన పాత పాటలకి కరెంటు గిటార్లు కట్టి నలుగురు పాడారు. ముగ్గురు జుట్టు పెంచిన మగాళ్లు, ఒక మంచి గొంతున్న ఆడమనిషి. ఫోక్ రాక్ అంటారు దాన్ని. అట్ట మీద ఆ నలుగురూ మనవైపు చూస్తుంటారు, వెనక ఒక గాడిద అటు తిరిగి ఉంటుంది. అందుకని ఫ్యాక్టరీలో దాని పేరు గాడిద రికార్డు. ఇప్పుడు కళ్లు మూసుకుని పాటలు వినే డబ్బున్నవాళ్ల కోసం దాన్ని మళ్లీ వేస్తున్నారు. బరువైన రికార్డు, మందమైన అట్ట, అట్ట మీద బంగారు అక్షరాలతో 'మొదటి టేపు నుంచి నేరుగా' అని, అంటే పాడిన రోజు పట్టిన టేపు నుంచే తీశామని.

మూడు రోజులైంది, చెవులక్క సంతకం పెట్టలేదు. ఆ పొద్దున ఓనరు పిలిచి మెత్తగానే చెప్పాడు. "అమ్మా, నేను విన్నాను. మా తమ్ముడు విన్నాడు. కంపెనీ ఇంజనీరు విన్నాడు. ఎవరికీ వినపడనిది నీ ఒక్కదానికే వినపడుతోందంటే, లోపం రికార్డులో లేదేమో. ఐదు గంటల సైరనుకి సంతకం పెట్టి ఇయ్యి. లేదంటే రేపట్నుంచి ప్యాకింగ్‌లో కూచో. వయసు వస్తుంది, తప్పేం లేదు."

తప్పేం లేదట! ఆ మాటే ఆవిడకి చేపముల్లులా అడ్డంపడింది. టీ చల్లారిపోతోంది. నిజంగానే చెవులు పోయాయా? పోతే తనకెలా తెలుస్తుంది? కళ్లు పోతే చీకటి పడుతుంది. చెవులు పోతే లేనివి వినపడతాయా?

పక్క బెంచీ మీద, ఈ రికార్డు వేయిస్తున్న కంపెనీ నుంచి వచ్చిన అట్టలాయన. అట్ట లోపల పెట్టే చిన్న పుస్తకం రాసేది అతనే. పాత రోజుల సంగతులు ఎవరైనా చెప్తారేమో అని పెన్సిలూ నోటుబుక్కూ తీశాడు. నోటుబుక్కు తెరిచిన మనిషి కనపడితే చాలు, వానకి కప్పలా ముల్లు బాబాయ్‌కి గొంతు లేస్తుంది.

ముల్లు బాబాయ్ పాత ఫ్యాక్టరీ మనిషి. ఏం పని చేసేవాడు అని ఆయన్ని అడిగితే అన్ని పనులూ అంటాడు. నన్నడిగితే బాయిలరు. చొక్కా కాలరుకి ఎప్పుడూ ఒక గ్రామఫోను ముల్లు గుచ్చుకుని తిరుగుతాడు, పతకంలాగ. ఆయనకీ నాకూ మాటల్లేక పదకొండేళ్లు. ఎందుకో కథలోనే వస్తుంది.

"రాసుకో బాబూ," అన్నాడు ముల్లు బాబాయ్, కాలు మీద కాలు వేసుకుని. "నేను గొప్పలు చెప్పుకునే రకాన్ని కాదు. అడిగారు కాబట్టి చెప్తున్నా."

"ఎవరడిగారు?" అన్నాడు కటింగ్ షాపు బావ. అతను బేరాల్లేక కత్తెర జేబులో పెట్టుకుని వచ్చి కూచున్నాడు.

"అడగబోయారు. అదీ నాకు ముందే వినపడుతుంది, అదే కథ. విను బాబూ. గాడిద రికార్డు మొట్టమొదటి శాంపిల్ మీద ముల్లు పెట్టింది ఈ చెయ్యే. అప్పట్లో వినే గదిలో ఈ వదిన మావగారే కూచునేవాడు, ఆ రోజు ఆయనకి జలుబు, రెండు చెవులూ దిబ్బడేశాయి. ఓనరు, అంటే ఇప్పటి ఓనరు నాన్న, బాయిలరు గదికి పరిగెత్తుకొచ్చి 'నాయనా, నువ్వే దిక్కు' అన్నాడు. సరే కదా అని చేతులు కడుక్కుని వెళ్లి ముల్లు పెట్టా. పాట ఇంకా మొదలవలేదు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆ పాడే ఆవిడ గొంతు సన్నగా, గోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టు వినపడింది. అది ఆగింది. అప్పుడు మొదలైంది అసలు పాట!"

అట్టలాయన పెన్సిలు ఆపేశాడు. "పాట మొదలవకముందే పాట వినపడిందా?"

"అది నిజమేనండీ," అంది చెవులక్క. "మేం దాన్ని నీడ అంటాం. రికార్డు మీద గాడి చుట్లు చుట్లుగా తిరుగుతుంది కదా. పక్క చుట్టులో పాట గట్టిగా ఉంటే, మధ్య గోడ పల్చన కాబట్టి, ఆ ఒత్తిడి కొంచెం ఇవతలి చుట్టులో పడుతుంది. రికార్డు ఒక చుట్టు తిరగడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అంత ముందుగా పాట నీడ వినపడుతుంది. చెవి పెడితే ఎవరికైనా వినపడుతుంది. దాన్ని తప్పుగా చూడం."

"తారీఖు రాసుకోండి!" అని బావ తొడ మీద చరిచాడు. "బాబాయ్ నోట నిజం వచ్చింది. మళ్లీ ఎన్నేళ్లకో!"

'ఎవరికైనా' అన్న మాట ముల్లు బాబాయ్‌కి నచ్చలేదు. మెడ సాగదీసి, ఎడమవైపుకి తిరిగి కూచున్నాడు.

"ఎవరికైనా వినపడేది ఒక చుట్టు ముందమ్మా. నాకు రెండు చుట్ల ముందు వినపడింది. నీడకి ముందు ఇంకో నీడ. దారం పోగంత. నీడకి నీడ!"

చెవులక్క గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది. స్టవ్వు దగ్గర వదిన చెయ్యి కూడా ఆగింది. పోస్తున్న టీ గ్లాసు నిండి, పొర్లి, బల్ల మీదుగా కారి అట్టలాయన బూటు మీద పడింది. అట్టలాయన చూసుకోలేదు. అడుగుదామని చెవులక్క నోరు తెరిచేలోపే కథ గేటు దాటిపోయింది.

"రెండు చుట్లతో ఆగుతుందా మరి? చెవి అనేది గుర్రం, ఒకసారి కళ్లెం తెంచిందంటే అంతే. ఆ వారంలో మూడు చుట్లు, ముప్పై చుట్లు. శనివారానికి ముల్లు మొదటి గాడిలో పెడితే చివరి పాట వినపడేది. ఓనరు నమ్మలేదు. రికార్డు తిప్పను కూడా తిప్పకుండా, కవరులోంచి తీసి, పళ్లెంలా చెవి పక్కన పట్టుకుని, అటు ఐదు ఇటు ఐదు, పది పాటలూ వరసగా చెప్పేశా, ఎక్కడ దరువు, ఎక్కడ ఊపిరి, ఏడో పాటలో కుర్చీ కిర్రుమన్నది ఎక్కడ, అన్నీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రికార్డు సిగ్గుపడి మొహం తిప్పుకుందా?"

"ఒరేయ్, నువ్వు గడ్డాలు గీసుకో. ఆ తర్వాత ఆ పాడే ఆవిడే వచ్చింది, ఇదుగో ఈ గేటులోంచే. కళ్లు వాచి ఉన్నాయి. వెనక ఆ జుట్టు మనుషులు ముగ్గురూ తలలు దించుకుని. సంగతేంటంటే, ఆఖరి పాట వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదట. ఆఖరి చరణం మర్చిపోయింది. అమ్మమ్మ పోయింది, చరణం పోయింది, పాట కుంటిదై అచ్చయిపోయింది. 'ఏడవకమ్మా' అన్నా. రికార్డు చివర పాట అయిపోయాక ఊరికే తిరిగే ఖాళీ గాడి ఉంటుంది చూడు, అక్కడ చెవి పెట్టా. ముందుకి వినపడే చెవికి వెనక్కి వినపడదా? అమ్మమ్మ గొంతే! నాలుగు వరసలూ పాడి, మధ్యలో దగ్గింది కూడా. దగ్గుతో సహా చెప్పేశా. ఆవిడ అక్కడికక్కడ కూలబడింది."

అట్టలాయన పెన్సిలు ములుకు విరిగింది. నోరు తెరుచుకునే ఉంది. "ఇది... ఇది ఏ పుస్తకంలోనూ రాలేదే!"

"ఎలా వస్తుంది? నేను చెప్పుకునే రకం కాదని చెప్పానుగా. 'నా గిటారు తీసుకోండి' అంది ఆవిడ. 'గిటారెందుకమ్మా, మా ఇంట్లో చీపురు ఆనించడానికే మూల లేదు' అన్నా. రాసుకున్నావా? చీపురు కూడా రాయి."

"రాస్తున్నానండీ, రాస్తున్నాను," అని అతను ఇంకో పెన్సిలు తీశాడు.

"అక్కణ్ణించి నా బతుకు నరకం. చెవుల్లో దూది లేకపోతే రేపటి వాన ఇవాళే చప్పుడు. అందరూ ఎండలో పోతుంటే నేను గొడుగేసుకుని పోయేవాణ్ణి. మంగళవారం పగలబోయే మిషను ఆదివారమే నా చెవిలో ఢామ్మంది. ఏం చేస్తాను, మంగళవారం సరిగ్గా టయానికి వెళ్లి, పైపలక రెండు టన్నులది, ఈ ఒంటి చేత్తో ఎత్తి పట్టుకున్నా. కింద చిక్కుకున్న ఆరుగురూ నింపాదిగా బయటికి నడిచారు. ఒకడు టోపీ మర్చిపోయానని మళ్లీ లోపలికెళ్లి వచ్చాడు. నేను అలాగే పట్టుకుని నుంచున్నా, రెండో చేత్తో టీ తాగుతూ."

(ఇక్కడ ఒక మాట. ఆ మిషను పగల్లేదు. ఆవిరి కారింది. కారిన చోట వాషరు మార్చింది నేను, ఇరవై నిమిషాల్లో, ఒక్కణ్ణే. చెయ్యి కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ టైములో ముల్లు బాబాయ్ బాయిలరు గదిలో గోనెపట్టా మీద నిద్రపోతున్నాడు. మా మాటలు ఆగింది అందుకే. ఇక కథ.)

"ఒక్కసారి కాదు, ప్రతి మంగళవారం," అన్నాడు బావ.

"నవ్వు, నవ్వు. మీ పిన్ని తిట్లు నాకు పెళ్లికి రెండేళ్ల ముందే వినపడ్డాయి తెలుసా? ఏ పూట ఏ తిట్టో, ఏ గిన్నె విసురుతుందో, అది గోడకి తగిలి ఎటు దొర్లుతుందో, మొత్తం. అన్నీ వినీ, తలకి నూనె రాసుకుని వెళ్లి తాళి కట్టా. ధైర్యం అంటే మిషను ఎత్తడం కాదురా, అదీ!"

రోడ్డు మీద పోయే ఇద్దరు ప్యాకింగ్ ఆడవాళ్లు కూడా ఆగి నిలబడ్డారు. అట్టలాయన నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పాడు. ఇంత మనిషి ఈ రెండు బెంచీల కొట్టులో దొరకడమేమిటని అతనికి ఒళ్లు జలదరిస్తోంది.

"ఆఖరికి ఎక్కడిదాకా వచ్చిందంటే, అచ్చు వేసే ముందు మిషనులో నల్ల ముద్ద పెడతారే, ఒకరోజు ఆ ముద్దని ఊరికే చేతిలోకి తీసుకున్నా. వేడివేడిగా ఉంది. అందులోంచి పాట! ఆ పాట అప్పటికి ఎవరూ రాయలేదు. పాడబోయేవాడు ఇంకా పుట్టలేదు. వాళ్లమ్మకి ఇంకా సంబంధమే కుదరలేదు. గభాల్న ముద్ద కింద పెట్టేశా. ఎందుకొచ్చిన గొడవ బాబూ, ఒక ఆడపిల్ల పెళ్లి విషయం!"

బావ బెంచీ మీద దొర్లి దొర్లి నవ్వాడు. గేటు మీద గడియారం ఐదుకి ఇరవై తక్కువ చూపిస్తోంది. చెవులక్క నవ్వలేదు.

"బాబాయ్," అంది. "నీడకి నీడ అన్నావే. అది ఎప్పుడు విన్నావు?"

"ఏంటమ్మా, నేను పుట్టనివాడి పాట దాకా వచ్చేస్తే నువ్వింకా రెండో చుట్టు దగ్గరే ఉన్నావా?"

"అక్కడే ఉన్నాను. మూడు రోజులుగా అక్కడే ఉన్నాను." ఆవిడ ఒళ్లో రికార్డు మీద చెయ్యి వేసింది. "ఇందులో ప్రతి పాట ముందూ ఒకటి కాదు, రెండు నీడలున్నాయి. ఒక చుట్టు ముందు ఒకటి, రెండు చుట్ల ముందు ఇంకోటి. గట్టిగా మొదలయ్యే పాటల దగ్గర స్పష్టంగా వినపడుతోంది. ఎక్కడా అలా ఉండదు. నాకు పిచ్చన్నారు. ఇంకో ఇరవై నిమిషాల్లో నన్ను వినే గదిలోంచి లేపేస్తున్నారు. ఆ మాట ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసనుకున్నాను. నీ నోట్లోంచి ఎలా వచ్చింది?"

బావ నవ్వు సగంలో ఆగిపోయింది.

"మా ఇంజనీరు ఏమీ లేదన్నాడే," అన్నాడు అట్టలాయన.

ముల్లు బాబాయ్ ఛాతీ పొంగింది. "చూశారా! ఇన్నాళ్లకి నాకు జోడీ దొరికింది. ఇదే రికార్డమ్మా, ఇదే గాడిద రికార్డు. మొదటిసారి వేసినప్పుడు ఒక నీడ. ఐదేళ్ల తర్వాత రెండోసారి వేసినప్పుడు రెండు. ఈ చెవితోనే విన్నా!" అని కుడి చెవి పట్టుకుని లాగి చూపించాడు.

వదిన టీ గిన్నె దించి కింద పెట్టింది. పెట్టిన చప్పుడుకి అందరూ అటు తిరిగారు. ముల్లు బాబాయ్ ఒక్కడే తిరగలేదు.

ఆవిడ వచ్చి ఆయనకి కుడివైపు నిలబడింది. "బాబాయ్, టీలో చక్కెర వెయ్యనా?"

ఆయన అట్టలాయన వైపు చూసి నవ్వుతున్నాడు.

"బాబాయ్, చక్కెర వెయ్యనా?"

పలకలేదు. ఆవిడ చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చింది.

"రెండుసార్లు అడిగాను. బాయిలరు కూతకి నీ కుడి చెవి పోయి ముప్పై ఏళ్లు. అందుకే ఎప్పుడూ ఆ మూలే కూచుంటావు, ఎడమ చెవి జనం వైపు ఉండాలని. నేను రోజూ టీ ఇచ్చేదాన్ని, నాకు తెలియదా? పుట్టనివాడి పాట విన్నావో లేదో నాకు అక్కర్లేదు. కానీ నీడకి నీడ అన్న మాట నీది కాదు. అది మా మావయ్య మాట."

"అది... అందరూ అనే మాటేనమ్మా."

"ఎవరూ అనరు. పంతొమ్మిదేళ్లు వింటున్న ఈ అక్కకే తెలియని మాట. మా మావయ్య బయట ఎక్కడా అనలేదు. మా ఆయనతో కూడా అనలేదు. పోయే ముందు నాతో ఒక్కసారి అన్నాడు. 'నీడకి నీడ పడింది తల్లీ, అది చెప్పినందుకే నన్ను చెవిటివాణ్ణి చేశారు' అని. జ్వరంలో ఏదో అంటున్నాడనుకుని నుదుటి మీద తడిగుడ్డ వేశాను. నీకెవరు చెప్పారు?"

పాటలో ముల్లు ఎత్తేసినట్టయింది. ముల్లు బాబాయ్ కాలు మీంచి కాలు దించాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. కాలరుకున్న ముల్లు తీసి వేళ్ల మధ్య తిప్పాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని ఆ కొట్లో ఎవరికీ తెలియదు.

"ఆయన అంటుంటే విన్నా."

"ఎక్కడ?"

"బాయిలరు గదిలో. పాత ఓనరు ఆయన్ని అక్కడికే పిలిపించాడు, ఆ మోతలో ఎవరికీ వినపడదని. నేను బొగ్గు వెనకున్నా. అప్పటికి చెవులు బాగానే ఉన్నాయి. 'అయ్యా, నీడకి నీడ పడుతోంది. ఇది టేపు నుంచి తీసింది కాదు. రికార్డు నుంచి తీసిన రికార్డు' అన్నాడు."

చెవులక్క కళ్లు మూసుకుంది. మూడు రోజుల ముడి ఒక్క లాగుకి విడిపోయింది. "అవును," అంది, తనలో తను మాట్లాడుకున్నట్టు. "పాత రికార్డులో ఒక నీడ ముందే ఉంది. దాన్ని పాడించి, ఆ పాడినదాన్ని కొత్త గాడిగా కోస్తే, పాటకి మళ్లీ నీడ పడుతుంది. ఆ పాత నీడకి కూడా నీడ పడుతుంది. అందుకే రెండు చుట్ల ముందు. అసలు టేపు నుంచి తీస్తే ఆ రెండోది పడే దారే లేదు."

"కుదరదు!" అట్టలాయన లేచి నిలబడ్డాడు. "టేపు మా దగ్గరుంది. ఈ ఫ్యాక్టరీ బీరువాలోంచే ఇచ్చారు. పెట్టె మీద పాత చేతిరాత, పాత తారీఖు, అన్నీ సరిపోయాయి."

"పెట్టె అసలుదే బాబూ," అన్నాడు ముల్లు బాబాయ్. "లోపలిది కాదు."

"మరి అసలు టేపేమైంది?"

ముల్లు బాబాయ్ చెప్పింది ఇంతే. వానాకాలం టేపుల గది కప్పు కారింది. పెట్టెలు తడిసాయి. ఆరబెట్టమని ఆయనకిచ్చారు. తడి బట్టలు రోజూ బాయిలరు మీదే ఆరేవి కదా అని టేపులూ దాని మీదే పెట్టాడు. భోజనం చేసి వచ్చేసరికి గాడిద రికార్డు టేపు ఎండుటాకులా ముడుచుకుపోయింది. వేలు పెడితే పొడి.

"ఓనరు నన్ను తిట్టలేదు," అన్నాడు. "అదే భయమేసింది. ఒక మంచి రికార్డు ఏరి, పాడించి, వేరే టేపుకి ఎక్కించి, పాత పెట్టెలో పెట్టేశాడు. ఎవరికీ తెలియలేదు. మీ మావయ్యకి తెలిసింది. తెలిసి ఊరుకోలేదు, వచ్చి చెప్పాడు. 'నీ చెవులు పోయాయయ్యా' అన్నాడు ఓనరు. నన్ను పిలిచాడు. 'ఏరా, ఈయన ఈమధ్య పిలిస్తే పలుకుతున్నాడా?' అని అడిగాడు."

"నువ్వేమన్నావు?" అంది వదిన.

ముల్లు బాబాయ్ ముల్లు వైపే చూస్తున్నాడు.

"పలకట్లేదండీ అన్నా."

లోపల స్టవ్వు మీద పాలు పొంగి మంట మీద పడ్డాయి. మాడు వాసన రోడ్డు దాకా వచ్చింది. వదిన లోపలికి పోలేదు. ఆవిడ పాలు పొంగినా కదలకపోవడం నా ఎరికలో అదొక్కసారే.

కాసేపటికి కదిలింది. గల్లాపెట్టె వెనక్కి వెళ్లి, మావగారు ఎన్నడూ ముట్టుకోనివ్వని ఆ మేకులు గరిటె కాడతో ఒక్కొక్కటే పెకలించింది. కంతకి అడ్డం పెట్టిన అట్ట ఊడి చేతిలోకి వచ్చింది. తడిగుడ్డ పెట్టి తుడిచింది. మసి కింద మొదట ఒక చెవి, తర్వాత ఒక తోక. అటు తిరిగిన గాడిద.

అట్ట లోపల రికార్డు లేదు. మడత పెట్టిన ఒక చీటీ ఉంది. వినే గది చీటీయే, పాత రకం. చెవులక్క తన చీటీ తీసి దాని పక్కన బల్ల మీద పరిచింది. మూడో పాట ముందు ఒక లావు గీత, దానికి ముందు ఒక సన్న గీత. ఇక్కడా అంతే. ఆరో పాట ముందు లావు గీత, సన్న గీత. ఇక్కడా అంతే. తొమ్మిదో పాట. అంతే. నలభై ఐదేళ్ల తేడాతో, ఒకరినొకరు ఆ గదిలో ఎన్నడూ చూసుకోని ఇద్దరు, ఒకే చోట చెయ్యి పెట్టారు. పాత చీటీ అడుగున ముత్యాల్లాంటి అక్షరాలు: నీడకి నీడ. కింద సంతకం.

అట్టలాయన బెంచీ మీద కూలబడ్డాడు. పొట్టి కాలు వైపు. బెంచీ ఒరిగింది, నోటుబుక్కు కింద పడింది, ఎవరూ తీయలేదు.

ఐదు గంటల సైరను కూసింది. చెవులక్క పెన్ను తీసుకుని, తన చీటీ అడుగున, పాత చీటీ చూసి దించినట్టుగా, 'నీడకి నీడ' అని రాసి కింద సంతకం పెట్టింది.

"ఇదుగోనండీ," అని అట్టలాయన చేతిలో పెట్టింది. "ఐదు గంటలకి సంతకం కావాలన్నారుగా."

ఆ రోజు మిషన్లు తిరగలేదు. ఆవిడ వినే గదిలోనే ఉంది, ఇప్పటికీ ఉంది. మూడు నెలల తర్వాత గాడిద రికార్డు వచ్చింది. అట్ట మీద బంగారు అక్షరాలు మార్చారు. 'లభ్యమైన అత్యుత్తమ మూలం నుంచి' అని వేశారు. ఆ మాటకి అర్థమేమిటో నేను నలుగుర్ని అడిగాను, నలుగురూ నాలుగు రకాలు చెప్పారు. లోపలి పుస్తకం కూడా చదివించుకున్నాను. ఒక పేజీ నిండా అమ్మమ్మ చరణం, దగ్గు, చీపురు, అన్నీ ఉన్నాయి, 'ఫ్యాక్టరీ పెద్ద ఒకరు' చెప్పినట్టు. టేపు ఏమైందో లేదు. ఆ మొదటి చీటీ రాసిన మనిషి గురించి ఒక్క వరస లేదు.

ముల్లు బాబాయ్ నెల్లాళ్లు కొట్టు వైపు రాలేదు. ఇప్పుడు వస్తున్నాడు. నిలబడే తాగి పోతాడు. కాలరుకి ముల్లు లేదు. వదిన టీ ఇస్తుంది, మాట ఇవ్వదు. నేను కూడా ఇవ్వను, నాకు వాషరు సంగతి ఉండనే ఉంది. కానీ ఆయన మీద కోపం పెట్టుకుని కూచుంటే తెమిలే సంగతి కాదిది, ఎందుకంటే ఆ కొట్లో ఇరవై ఆరేళ్లు టీ తాగింది నేను. రోజూ గేటు దగ్గర్నుంచే, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "చక్కెర తక్కువా!" అని అరిచేవాణ్ణి. అందరూ అలాగే అరిచేవాళ్లు. వదిన మావగారు తలెత్తేవాడు కాదు. మెల్లగా, రోజూ ఒకటే మాట అనేవాడు. "వినపడింది." చెవిటాయన భలే హాస్యం ఆడతాడని నవ్వుకుంటూ తాగేవాణ్ణి.

కాబట్టి, ఈ అట్ట మళ్లీ వేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, చదువుకున్నవాళ్లెవరైనా వాళ్లకి చదివి వినిపిస్తే, లోపలి పుస్తకంలో ఆ పేజీ సరిచెయ్యండి. చీపురు తీసేయండి. టేపు బాయిలరు మీద మాడిందని రాయండి. రెండో నీడని మొదట పట్టింది వదిన మావగారనీ, రెండోసారి పట్టింది చెవులక్క అనీ రాయండి. ఆ పాత సంగతి చివరికి ఒప్పుకుంది ముల్లు బాబాయ్ అని కూడా రాయండి. నాకు ఇష్టం లేదు, అయినా రాయండి. ఆ కొట్టు పేరు ఎక్కడైనా వెయ్యాల్సి వస్తే మాత్రం చెవిటాయన కొట్టు అని వెయ్యకండి. ఆయనకి వినపడింది.